ఒడిలో సగం, డబ్బాలో సగం

"ఆ మూట ముందుగాల ఆడికెల్లి తియ్యి అమ్మా," అన్నాడు అనిల్.

"నువ్వు పెట్టినవా తియ్యమననీకి? నోరు మూసుకొని డ్యూటీకి పో," అంది రాజవ్వ.

హాల్లో దివాన్ మీద పసుపు మరకలు పడ్డ తువ్వాల మూట ఉంది. తెల్లారినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ దివాన్ మీద కూర్చోలేదు. అనిల్ తండ్రి రాములు తన చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడే తాగుతున్నాడు. అనిల్ కంపెనీ యూనిఫాం వేసుకున్నాడు గానీ బూట్ల లేసులు కట్టుకోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఫ్యాక్టరీ బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

నిషిత వంటింటి గడప మీద కూర్చుని ఉంది. పటేల్‌గూడకు వచ్చి ఏడాది దాటినా ఈ నేల బరువు ఆమె కాళ్ళకు అలవాటు కాలేదు. ఆకాశంలో చక్రంలా తిరిగే వలయరాజ్యంలో పుట్టిన పిల్ల. అక్కడ మనిషి ఇక్కడి బరువులో సగం కూడా తూగడు. ఇక్కడ కాసేపు నిలబడితే చాలు, ఆమె చీలమండలు ఉబ్బిపోతాయి. రాజవ్వ రోజూ సాయంత్రం నువ్వుల నూనె వెచ్చచేసి రాసేది.

నిన్న సాయంత్రం రాజవ్వ పాల ప్యాకెట్ కోసం పోయి వచ్చేసరికి ఆ నూనె గిన్నె మెట్ల మీద అనిల్ పక్కన ఉంది. నిషిత పాదం అతని ఒళ్ళో ఉంది.

నూనె రాయడంలో తప్పేమీ లేదు. కానీ గేటు చప్పుడుకు ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడ్డారు. ఆ ఉలికిపాటుతో రాజవ్వకు అంతా తెలిసిపోయింది. పాల ప్యాకెట్ చేతిలోనే పెట్టుకుని చాలాసేపు మెట్ల కింద నిలబడింది. తరువాత నిషిత గదిలోకి పోయి అలమారలో ఉన్న ఒడిబియ్యం మూట తెచ్చి హాల్లో పెట్టింది.

"చెల్లెరా అది నీకు," అంది రాజవ్వ ఇప్పుడు. ఆ మాట రాత్రి నుంచి ఎన్నోసార్లు అంది. "నేను ఒడి నింపిన పిల్ల. నా బిడ్డ. నా బిడ్డ నీకేమైతదో నువ్వే చెప్పు."

"నన్ను అడిగి నింపినవా?"

"బిడ్డను చేసుకోనీకి కొడుకును అడగాల్నా?"

రాములు చాయ్ గ్లాసు గుమ్మం పక్కన పెట్టాడు. "నేను ఆనాడే చెప్పిన," అన్నాడు. "పెండ్లిగాని పిల్లకు ఒడిబియ్యమేంది అని. పెండ్లయిన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి పోస్తరు. మనూరు కొండాపూర్‌ల ఎవ్వల్నన్న అడుగు. గిది లెక్కకే రాదు."

"లెక్కకు రాకుంటె పోసేటప్పుడు నా చేతులెందుకు వణికినయి?"

రాములు గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అందులో చాయ్ అయిపోయింది.

పోయిన నెల ఇంటి మీద కొత్త పోర్షన్ వేసి గృహప్రవేశం చేసినప్పటి మాట అది. చుట్టాల పెళ్ళయిన ఆడపిల్లలంతా వరసగా పీటల మీద కూర్చున్నారు. వాళ్ళ వాళ్ళ తల్లులు నూనె, పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళతో ఒళ్ళో పోశారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక గుడ్డ పెట్టారు. చివర ఒక పీట ఖాళీగా మిగిలింది. రాజవ్వ ఆ పీటను చూసింది, వంటింట్లో గిన్నెలు సర్దుతున్న నిషితను చూసింది. చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది.

"ఒక్క చేత్తోటి గాదు బిడ్డా, ఒడి రెండు చేతులతోటి పట్టాలె," అంది.

నిషిత రెండు చేతులతో చున్నీ పరిచి పట్టింది. పసుపు బియ్యం బరువుగా ఒళ్ళో పడింది. అంతమంది ఆడవాళ్ళ మధ్య ఆమె ఏడ్చింది. తల్లి లేని పిల్ల కదా, ఏడుస్తున్నది అనుకున్నారు అందరూ.

"ఏ ఇంట్ల దావత్ అయినా నేను బియ్యం పళ్ళెం పట్టుకొని పక్కకు నిలబడేదాన్ని," అంది రాజవ్వ కొడుకుతో. "పొయ్యనీకి నాకు ఎవ్వరు లేకుండె. నా ఒక్కదానికే లేకుండె. ఆ పీట ఖాళీగ కనవడ్డది, కూసోవెట్టిన. తప్పు చేసిన్నా?"

"నేను ఆ దినం డ్యూటీల ఉన్న. ఇంట్ల ఉంటె పొయ్యనిద్దునా?"

"ఉంటె నువ్వు గూడ రెండు దోసిళ్ళు పోస్తుంటివి. అన్నదమ్ములు పోసేదే గద."

అనిల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నిషిత ఫోన్ మోగింది. సుల్తాన్‌పూర్‌లో ఆమెతోపాటు సెలైన్ గొట్టాల కంపెనీలో పనిచేసే సనా. "నిషీ, బస్ నికల్ గయా, ఎల్లిపోయింది. సూపర్‌వైజర్ అడుగుతుంటె జొరం అని చెప్పిన. జొరమేనా?"

"జొరమే," అంది నిషిత.

"నీ గొంతు ఆవాజ్ అట్ల లేదే. ఇంట్ల ఏమన్న లొల్లా?"

"తర్వాత చెప్త," అని పెట్టేసింది.

పెట్టేసి ముక్కుపుడక తాకి చూసుకుంది. వేడిగా ఉంది. నిన్న రాత్రి గోరువెచ్చగా ఉండేది. రాజవంశంలో పుట్టిన ప్రతి ఒక్కరికీ అటువంటి పుడక ఉంటుంది. రక్తసంబంధం ఉన్నవాళ్ళు దగ్గరికి వస్తున్నకొద్దీ అది వేడెక్కుతుంది. ఏడాదిగా చల్లగా ఉన్న పుడక. తనను వెతుక్కుంటూ దిగే రక్తసంబంధం మేనత్త ఒక్కతే. ఈ సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు.

తను ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ముగ్గురికీ తెలుసు. గది కిరాయికి అడిగినప్పుడు ఒడిశా అని చెప్పింది. ఆషాఢంలో మంచం పట్టినప్పుడు, అబద్ధం మోసే ఓపిక లేక నిజం చెప్పేసింది. రాణి కావలసిన పిల్లనని, ఇష్టం లేని పెళ్ళి తప్పించుకుని దిగి వచ్చానని. రాజవ్వ అంతా విని, "బీహారోళ్ళు వచ్చిన్రు, ఒడిశావోళ్ళు వచ్చిన్రు, ఇగ మీదికెల్లి గూడ రావట్టిన్రా," అని గంజి తాగించింది. రాములు మూడు రోజులు నమ్మలేదు. నాలుగోనాడు డాబా మీదికి తీసుకుపోయి, "మీ ఇల్లు ఎటువైపు చూపియ్యి," అని అడిగాడు. అనిల్ అప్పటికే నమ్మి ఉన్నాడు. ప్రేమ గురించి ఆమె అనిల్‌తో ఎప్పుడూ ఒక్క మాట కూడా అనలేదు, అతనూ అనలేదు. నిన్నటి నూనె గిన్నే వాళ్ళ మొదటి మాట.

"మనం మనం కొట్లాడుకునుడు గాదు," అన్నాడు రాములు. "ఆ పిల్లనడుగుండ్రి."

ముగ్గురూ గడప వైపు చూశారు.

"ఏమంటవ్ బిడ్డా?" అంది రాజవ్వ. గొంతు కొంచెం తగ్గింది. "నాకు బిడ్డవైతవా, కోడలువైతవా?"

వీధిలో ట్యాంకర్ వచ్చినట్టుంది, బిందెల చప్పుడు వినిపించింది. రాజవ్వ రోజూ ఆ చప్పుడుకు పరిగెత్తేది. ఇవాళ కదలలేదు.

"నాకు అమ్మ కావాలె," అంది నిషిత. "అనిల్ గూడ కావాలె. రెండు ఒక్కసారి కావొద్దని నాకెవ్వరు చెప్పలే. చెప్పి ఉంటె ఆ పీట మీద కూసోకపోదును."

చివరి మాట రాజవ్వకు తగిలింది. నిషితకూ తెలిసింది తగిలిందని. కానీ మాట బయటికి వచ్చేసింది.

రాజవ్వ వంటింట్లోకి పోయింది. గడప మీద ఉన్న నిషితను దాటుకుని పోతూ ఆమె తల మీద చెయ్యి వెయ్యలేదు. రోజూ వేసేది. లోపల స్టీలు డబ్బా జరిపిన చప్పుడైంది. బియ్యం పోసుకునే పెద్ద డబ్బా. దాన్ని నేల మీద ఈడ్చుకుంటూ హాల్లోకి తెచ్చి మూత తీసింది.

"రా. నీ చేతులతోటే వాపస్ పొయ్యి," అంది. "ఒడి నింపిన పిల్లను కోడలు చేసుకున్నదని నవ్వుతరు. నవ్వనియ్యి. నాలుగు దినాలు నవ్వి ఊకుంటరు."

"అమ్మా," అన్నాడు అనిల్.

"నువ్వు మాట్లాడకు. గెలిచినవ్ గద, ఇగ ఊకో."

నిషిత లేచి దివాన్ దగ్గరికి వచ్చింది. మూట విప్పింది. పసుపు, నూనె కలిసిన వాసన వచ్చింది. తువ్వాలను ఒళ్ళో పెట్టుకుని డబ్బా ముందు కూర్చుని మొదటి దోసిలి డబ్బాలో పోసింది. తెల్ల బియ్యం మీద పసుపు బియ్యం పడి చప్పుడైంది. ఇక్కడ ఏదైనా ఎంత తొందరగా కింద పడుతుందో అని ఆమెకు ఇప్పటికీ ఆశ్చర్యమే. వలయంలో గింజలు వదిలితే మెల్లగా, మనసు మార్చుకోవడానికి వ్యవధి ఇచ్చినట్టుగా పడతాయి.

రెండో దోసిలి పోసింది. మూడోది పోసింది. ముక్కు దగ్గర చర్మం మండింది. చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు అనిల్.

"మా మేనత్త వస్తున్నది," అంది నిషిత.

"ఎప్పుడు?"

"ఇయ్యాల్నే. దగ్గరికి వచ్చింది."

ఆమె అప్పుడు పుడక వేడెక్కిన సంగతి, వలయం ఆచారం చెప్పింది. పెద్ద కథ కాదు. వలయంలో అరల మీద మట్టి పోసి పండిస్తారు. ప్రతి గింజా ఎవరో ఒకరి నోటి లెక్కలోదే. అందుకని పరాయి పిల్ల ఒళ్ళో ఒక ఇల్లు తను పండించుకున్న గింజలు పోసిందంటే, తమ నోరు కట్టుకుని ఆ పిల్లను తమ బిడ్డను చేసుకున్నట్టు. అటుపైన ఆ పిల్ల మీద రాజుకు కూడా హక్కు ఉండదు. ఒడి నిండిన పిల్లను తీసుకుపోవడం వలయంలో ఎవరి వల్లా కాదు.

"ఈ బియ్యం ఒడిల ఉన్నంతసేపు నన్ను తీస్కపోలేరు," అంది. "డబ్బాల పోస్తే తీస్కపోతరు."

రాములు గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు.

"గిది ఇప్పుడు చెప్తున్నవా?" అన్నాడు అనిల్. అతని గొంతులో కోపం కంటే భయం ఎక్కువ ఉంది. "మూడు దోసిళ్ళు పోసినంక?"

"ముందుగాల చెప్తే అమ్మ డబ్బా తెచ్చేది గాదు. నువ్వు నాకు దక్కకపోదువు. ఒక్క గంట ఆగి వస్తదేమో, అసలు రాదేమో అనుకున్న." ఆమె తల వంచుకుంది. "నువ్వు దొరుకుతవని పోసిన."

రాజవ్వ గబుక్కున వంగి డబ్బా మూత పెట్టేసింది. "ఇగ పొయ్యకు. ఉన్నయి ఉండనియ్యి."

"సగం పోసింది గదనే," అన్నాడు రాములు.

"సగం ఉన్నది గద."

"ఎవరొస్తరమ్మా? ఏడాది అయింది," అన్నాడు అనిల్. "పుడక వేడైతే..."

ఇంటి ముందు ఆటో ఆగింది.

దిగిన మనిషిని చూస్తే మొదట ఎవరికీ భయం వేయలేదు. నడివయసు ఆడమనిషి. నూలుచీర కట్టుకుంది గానీ కుచ్చిళ్ళు ఎడమవైపు పోయాయి. మెడికల్ షాపుల్లో దొరికే నాలుగు కాళ్ళ చేతిఊత మీద బరువంతా మోపి, ఒక్కో అడుగూ బురదలోంచి పీక్కున్నట్టు వేస్తూ వచ్చింది. ఆమె ముక్కున నిషిత పుడకలాంటి పుడకే ఉంది.

"నమస్కారం. ఇది రాములు గారి నివాసమేనా?" అని అడిగింది.

"టీవీల వార్తలు సదివినట్టు మాట్లాడుతున్నది," అన్నాడు రాములు మెల్లగా.

"వార్తలు విని నేర్చుకున్నాను. మా దాకా వచ్చేవి అవే," అంది ఆమె. చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి.

నిషిత లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న తువ్వాల మూటను రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. తల్లి పోయాక తనను పెంచిన మనిషి ఆమె. వలయంలో అందరికంటే చురుకుగా నడిచేది. ఇక్కడ నాలుగు కాళ్ళ ఊతతో వణుకుతున్నది.

మేనత్త ఆమె మొహం చూడలేదు. పాదాలు చూసింది. "నీ కాళ్ళు పాడైపోయాయి," అంది.

"నీయి గూడ పాడైతున్నయి అత్తా. ముందు కూసో."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోగానే మేనత్త నోట్లోంచి ఒక మూలుగు వచ్చింది. దానికి ఆమె సిగ్గుపడినట్టుంది. రాజవ్వ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆమె సగం తాగి, మిగిలిన సగం మీద అరచెయ్యి మూతగా పెట్టుకుంది. ఏడాది కింద ఈ ఇంట్లో మొదటి రోజు నిషిత కూడా అట్లాగే చేసింది. రాజవ్వకు గుర్తొచ్చింది కాబోలు, "తాగు, ఇంకా ఉన్నయి. క్యాన్ నీళ్ళే," అంది.

అని ఊరుకోలేదు. నూనె గిన్నె తెచ్చి కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. "కాళ్ళు గిట్ల సాపు వదినె," అంది.

నిషితకు మేనత్త అంటే, నిషిత బిడ్డయినా కోడలైనా రాజవ్వకు వదినెనే. పొద్దటి నుంచి తగువు పెట్టని మాట ఆ ఇంట్లో అదొక్కటే.

మేనత్త కాళ్ళు చాపింది. రాజవ్వ నూనె రాయసాగింది. రెండు బొటనవేళ్ళతో చీలమండ చుట్టూ మెల్లగా నొక్కుతుంటే మేనత్త కళ్ళు మూసుకుపోయాయి. అయినా చెప్పవలసింది చెప్పింది.

"నీళ్ళ వంశం వారి అబ్బాయితో ఈమె వివాహం నిశ్చయమై ఉంది. ఈమె రాకపోతే వారు తూము కట్టేస్తామంటున్నారు. మా మొత్తం రాజ్యానికి ఆ ఒక్క తూము నీళ్ళే ఆధారం."

"నీళ్ళ కోసం పిల్లనిస్తరా?" అంది రాజవ్వ.

"నీళ్ళ కోసం మీరు ఏమేమి ఇచ్చారో నాకు తెలియదు. మేము బిడ్డను ఇస్తాము."

రాములు బయట ట్యాంకర్ వెళ్ళిపోయిన వైపు చూశాడు.

"నేను రాను అత్తా," అంది నిషిత.

"నీ ఇష్టం అడగడానికి రాలేదు. అడిగే స్థితి ఉంటే..." మేనత్త ఆగింది. నిషిత వేళ్ళ వంక చూస్తున్నది. "నీ చేతులకు ఆ పసుపు ఏమిటి?"

ఆమె చూపు వేళ్ళ నుంచి తువ్వాల మీదికి పోయింది. కుర్చీలో నిటారుగా అయింది. రాజవ్వ చేతుల్లోంచి పాదం వెనక్కి లాక్కుంది.

"ఇవి గింజలా?"

"బియ్యం. ఒడిబియ్యం," అంది నిషిత. "అమ్మ పోసింది."

"కొన్నవా, పండించుకున్నవా?"

"కొండాపూర్‌ల మాకొక ఎకరం మిగిలింది," అన్నాడు రాములు. "ఆడ పండినయే. తినేటియి కొనం."

మేనత్త చాలాసేపు కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి. "అయితే చెల్లుతుంది," అంది. "నీళ్ళ వంశం వారితో మేము మాట తప్పినట్టు కూడా కాదు. మా ఇంట్లో అసలు బిడ్డే పుట్టనట్టు. ఇంటివారు నా ఎదుట ఆమెను తమ బిడ్డ అని చెప్పాలి. చెప్పండి, నేను లేస్తాను."

రాజవ్వ నోరు తెరిచింది. అనిల్ వంక చూసింది. నోరు మూసుకుంది.

ఆ చూపును మేనత్త పట్టుకుంది. అప్పుడే ఆమెకు డబ్బా కనిపించింది. చేతిఊతతో మూతను పక్కకు తోసింది. తెల్ల బియ్యం మీద పసుపు బియ్యం కుప్పగా ఉంది.

"సగం ఒడిలో, సగం ఇక్కడ. ఎందుకు?"

"నేనే వాపస్ పొయ్యమన్న," అన్నాడు అనిల్, తల్లి మీదికి మాట రాకుండా.

"ఎందుకు?"

"ఒడి ఉంటె చెల్లె అయితది. పెండ్లి చేసుకోనీకి రాదు. అందుకు."

మేనత్త అతన్ని తల నుంచి బూట్ల దాకా చూసింది. కట్టని లేసులు చూసింది. నిషితను చూసింది. ఆమె మొహంలో మొదటిసారి రాజ్యం పోయి మేనత్త కనిపించింది.

"ఇతనా?" అంది వాళ్ళ భాషలో.

నిషిత తల ఊపింది.

"కోడలంటే ఇంకా మా బిడ్డే," అంది మేనత్త మళ్ళీ తెలుగులో, నెమ్మదిగా. "బిడ్డ పెళ్ళి మేమే చేయాలి. ఎవరికి చేయాలో నిశ్చయమైపోయింది. ఒడిలో ఉంటే మీ బిడ్డ, డబ్బాలో ఉంటే మా బిడ్డ. సగానికి మా దగ్గర చట్టం లేదు."

"తీస్కపోతె నేను గూడ వస్త," అన్నాడు అనిల్.

నూనె గిన్నె పట్టుకున్న రాజవ్వ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నా వాహనంలో ఇద్దరికే చోటు. వచ్చినా ఆమె పెళ్ళి నువ్వు చూడవలసి ఉంటుంది. అది మంచిది కాదు బాబూ."

రాములు గొంతు సవరించుకున్నాడు. అందరికీ వినబడుతుందని తెలిసి కూడా భార్య వైపు వంగి గుసగుసగా అన్నాడు. "ఇప్పటికైతె బిడ్డనే అని చెప్పు. ఆమె పోయినంక మన ఇంటి సంగతి మనం చూసుకుందం."

"చెప్పవచ్చు," అంది మేనత్త. "నేను నమ్మి వెళ్ళిపోతాను. కానీ బిడ్డ అని గింజలు పోసిన ఇంట్లోనే ఆమె పెళ్ళి జరిగితే ఆ గింజలు అబద్ధం అవుతాయి. అప్పుడు మావాళ్ళు ఎన్నేళ్ళకైనా వస్తారు. నేను రాను. నాలాగా కూర్చుని మాట్లాడేవారు రారు."

"వద్దు," అంది రాజవ్వ. "తినే బియ్యం మీద అబద్ధమాడను. పొద్దుగాల నవ్వితె నవ్వనియ్యి అనుకున్న. అది నా ఇజ్జత్ సంగతి. గిది పిల్ల పానం సంగతి."

"అయితే చెప్పండి."

"నన్ను అడగకు వదినె." రాజవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. చేతి నూనె చెంపకు అంటింది. "బిడ్డ అంటె వీని మొకం నేను ఎట్ల చూడాలె. కోడలంటె పిల్లనే కనవడకుంట పోతది. ఏ నోటితోటి చెప్పాలె."

ఫ్యాన్ కిరకిరలాడింది. నిషిత తువ్వాల మూటను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది. సగం తగ్గినా అది మొదటిరోజు కంటే బరువుగా ఉంది. అనిల్‌ను చూడాలనుకుంది. చూస్తే ఏడుస్తానని నేల వంక చూసింది. అందుకే అతను బూట్లు విప్పడం ఆమెకు ముందుగా కనిపించింది.

బూట్లు విప్పి గుమ్మం బయట పెట్టాడు. దొడ్లోకి పోయి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకోవడానికి ఏమీ వెతకకుండా చొక్కాకే రాసుకుంటూ వచ్చి డబ్బా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నవ్ కొడుకా?" అంది రాజవ్వ.

అతను పైనున్న పసుపు బియ్యాన్ని కింది తెల్లవి కలవకుండా రెండు చేతులతో మెల్లగా దగ్గరికి తీసుకున్నాడు. కొన్ని తెల్లవి కలిశాయి. వాటిని ఏరబోయి మానేశాడు. దోసిలి నిండా పట్టుకుని లేచి నిషిత ముందుకు వచ్చాడు.

"ఒడి పట్టు," అన్నాడు.

నిషిత వెనక్కి జరగబోయింది. వెనక గోడ ఉంది.

"అన్నదమ్ములు పోసేటియి ఇవి," అంది.

"తెల్సు."

"నువ్వు పోస్తే ఇగ మల్ల..."

"తెల్సు అన్న గద. పట్టు."

"నిన్న సాయంత్రం..."

"నిన్నటిది నిన్ననే అయిపోయింది నిషితా." దోసిలి కొంచెం ముందుకు చాపాడు. "నువ్వు ఈ ఇంట్లనే ఉంటవు. రోజు కనవడ్తవు. అమ్మ నీకు నూనె రాస్తది. నాకు గది సాలు. సాలకున్నా సాలిపిచ్చుకుంట."

రాములు గోడ వైపు తిరిగాడు. రాజవ్వ "వద్దు" అనలేదు, "పొయ్యి" అనలేదు. నూనె గిన్నెను రెండు చేతులతో పట్టుకుని నేల మీదే కూర్చుంది.

"ఇంటివారే పోస్తున్నారు, అదే చెప్పినట్టు," అంది మేనత్త. ఆమె గొంతు ఇప్పుడు వార్తలు చదివినట్టు లేదు. "పుచ్చుకునే పిల్ల రెండు చేతులా పట్టాలి. ఆమె పట్టకపోతే చెల్లదు. ఆమే చెప్పాలి."

నిషిత మూటను దివాన్ మీద పెట్టింది. అనిల్ చేతుల వంక చూసింది. నిన్న తన పాదం పట్టుకున్న చేతులే. దోసిలి అంచున గోళ్ళకు ఫ్యాక్టరీ గ్రీసు మరక ఇంకా ఉంది. చేతులు బిగపట్టే ఉన్నాడు, అయినా నూనె అంటిన గింజలు వేళ్ళ సందుల్లోంచి జారుతున్నాయి. జారినవి జారినట్టు నేల మీద పడుతున్నాయి. ఈ నేల మీద ఏదీ వ్యవధి ఇచ్చి పడదు.

ఆమె కుడిచెయ్యి చున్నీ అంచు పట్టుకుంది.

ఎడమచెయ్యి ఇంకా లేవలేదు. గింజలు పడుతూనే ఉన్నాయి.